మంచు మీద మహా సమరాలు: తొలినాటి స్టాన్లీ కప్ వింతలు, విశేషాలు

గోదావరి జిల్లాల్లో మంచుగడ్డ అనగానే సోడా బండి, రొయ్యల లారీ గుర్తొస్తాయి. కెనడాలో అలా కాదు. అక్కడ శీతకాలమొస్తే చెరువులూ నదులూ నెలల తరబడి గడ్డకట్టి ఆటస్థలాలైపోతాయి. బూట్లకు ఇనుప పలకలు బిగించుకుని ఆ గడ్డ మీద జారుతూ, కర్రలతో రబ్బరు బిళ్లను తరుముతూ ఆడేది ఐస్ హాకీ. ఆ బిళ్లను పక్ అంటారు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, దాదాపు 170 గ్రాముల బరువు. ఇప్పుడు జట్టుకు ఆరుగురు బరిలో ఉంటారు. తొలిరోజుల్లో ఏడుగురు ఉండేవాళ్లు.

ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద బహుమతి స్టాన్లీ కప్. ఇప్పుడది కోట్ల డాలర్ల వ్యాపారం. మొదటి ముప్ఫై ఐదేళ్లలో మాత్రం దాని చుట్టూ గని కార్మికులు, పళ్ల డాక్టర్లు, ఒంటికన్ను వీరులు, నాలుగు వేల జనాభా ఉన్న ఊళ్లు కనిపిస్తాయి. ఆటగాడికి జీతమివ్వడం తప్పని కొందరు, తప్పేమీ లేదని కొందరు వాదించుకుంటున్న కాలమది. డబ్బు కోసం ఆడే ఆట ఎలా మొదలైందో, ఊరి పరువు కోసం మనుషులు ఎంత దూరం వెళ్లారో చెప్పే విశేషాలు ఆ కాలంలో కొల్లలు. వాటిలో మేలిమివి ఇవి.

పది గినీల గిన్నె

1892 మార్చి 18న కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ ఒక ప్రకటన చేశారు. దేశంలోకెల్లా మేటి హాకీ జట్టుకు ఏటేటా ఒక కప్పు ఇవ్వాలని ఆయన సంకల్పం. లండన్‌లో పది గినీలు పెట్టి ఒక వెండి గిన్నె కొనిపించారు. అప్పటి లెక్కలో అది యాభై డాలర్లకు కాస్త తక్కువ. ఎత్తు 18.5 సెంటీమీటర్లు, మూతి వెడల్పు 29 సెంటీమీటర్లు. ప్రపంచ క్రీడల్లో ఇంత చవగ్గా కొని ఇంత గొప్ప పేరు తెచ్చుకున్న బహుమతులు అరుదు.

1893లో తొలి కప్పు మాంట్రియల్ హాకీ క్లబ్‌కు దక్కింది. అదే ఏడాది వేసవిలో లార్డ్ స్టాన్లీ ఇంగ్లండ్ వెళ్లిపోయారు. తన పేరు మీద జరిగే ఫైనల్‌ను ఆయన ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు.

ఆయన పెట్టించిన ఒక నియమం ఈ కథలన్నిటికీ మూలం. కప్పు ఎవరి దగ్గరుంటే వాళ్లను దేశంలో ఏ మూల జట్టయినా సవాలు చేయవచ్చు. ఆ సవాలు తగినదో కాదో తేల్చేది ఇద్దరు ధర్మకర్తలు. పెద్ద నగరమా, మారుమూల పల్లెనా అన్న తేడా నియమంలో లేదు. ఆ తలుపు తెరిచి ఉన్నంతకాలం చిన్న ఊళ్లు ధైర్యంగా లోపలికి నడిచాయి.

వల లేని గోలు, క్రికెట్ ప్యాడ్ల గోల్‌కీపర్

తొలినాటి మ్యాచ్‌లలో గోలు అంటే రెండు గుంజలే. వెనక వల ఉండేది కాదు. గుంజల వెనక మంచు మీదే నిలబడిన మనిషి పక్ లోపలికి పోయిందో లేదో కంటితో చూసి చెప్పేవాడు. అక్కడి నుంచి తగాదాలు పుట్టడంలో ఆశ్చర్యం లేదు. 1900 ప్రాంతంలో వలలు వచ్చాక ఆ గొడవ సద్దుమణిగింది.

1896 ఫిబ్రవరి 14న విన్నిపెగ్ విక్టోరియాస్ జట్టు మాంట్రియల్ వెళ్లి 2-0తో కప్పు గెలుచుకొచ్చింది. తూర్పు నగరాల చేతిలోంచి కప్పు పడమటికి పోవడం అదే మొదలు. విన్నిపెగ్ గోల్‌కీపర్ వైటీ మెరిట్ ఆ రోజు కాళ్లకు క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని వచ్చాడు. ప్రత్యర్థికి ఒక్క గోలు కూడా ఇవ్వలేదు.

1902 జనవరిలో అదే విన్నిపెగ్ జట్టుతో టొరంటో వెల్లింగ్టన్స్ ఆడుతుండగా పక్ రెండు ముక్కలైంది. టొరంటో ఆటగాడు చమ్మీ హిల్ చేతికందిన సగం ముక్కనే గోల్లోకి కొట్టాడు. గోలు చెల్లింది. కప్పు పోటీల్లో సగం పక్‌తో కొట్టిన గోలు అంటే నేటికీ ఆ పేరే చెబుతారు.

జీతం ఇచ్చి ఆడించిన తొలి లీగ్

బహిరంగంగా జీతాలిచ్చి ఆడించిన మొట్టమొదటి హాకీ లీగ్ కెనడాలో పుట్టలేదు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రపు రాగి గనుల ప్రాంతంలో, హోటన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. అందుకు కారకుడు జాక్ గిబ్సన్ అనే పళ్ల డాక్టరు. కెనడా నుంచి వచ్చి హోటన్‌లో వైద్యం చేస్తూ, అక్కడ పోర్టేజ్ లేక్స్ అనే జట్టును నిలబెట్టాడు. గనుల్లో డబ్బు పుష్కలం, శీతకాలంలో వినోదం తక్కువ. మంచి ఆటగాళ్లకు జీతమిచ్చి కెనడా నుంచి రప్పించడానికి ఊరు ముందుకొచ్చింది.

1904 మార్చిలో పోర్టేజ్ లేక్స్, మాంట్రియల్ వాండరర్స్ మధ్య రెండు మ్యాచ్‌ల సిరీస్ జరిగింది. దాన్ని ప్రపంచ చాంపియన్‌షిప్ అని చాటారు. రెండిట్లోనూ గనుల ఊరిదే గెలుపు: 8-4, 9-2. ఆ ఏడాది చివర్లో ఐదు జట్లతో ఇంటర్నేషనల్ ప్రొఫెషనల్ హాకీ లీగ్ మొదలైంది. మూడు సీజన్లు నడిచి 1907లో ఆగిపోయింది. కానీ అది వేసిన దారి మూసుకుపోలేదు. అక్కడ జీతం రుచి చూసిన ఆటగాళ్లను నిలుపుకోవాలంటే కెనడా క్లబ్బులు కూడా డబ్బు తీయక తప్పలేదు. 1906 చివరికి తూర్పు కెనడా పెద్ద లీగ్ జీతగాళ్లను అనుమతించింది. 1908లో జీతం లేకుండా ఆడే అమెచ్యూర్లకు అలన్ కప్ అని వేరే బహుమతి వచ్చింది. స్టాన్లీ కప్ జీతానికి ఆడేవాళ్ల సొత్తయింది.

అతి దూరపు ప్రయాణం, అతి పెద్ద ఓటమి

కెనడా వాయవ్య కొసన యూకాన్ ప్రాంతంలో డాసన్ సిటీ ఉంది. 1890ల చివర్లో బంగారం కోసం జనం ఎగబడిన ఊరది. అక్కడి వ్యాపారి జో బాయిల్ 1904లో ఒట్టావా జట్టుకు సవాలు విసిరాడు. 'సిల్వర్ సెవెన్' అని పేరుపడిన ఒట్టావా అప్పటికి ఎదురులేని జట్టు.

1904 డిసెంబర్ 18, 19 తేదీల్లో డాసన్ ఆటగాళ్లు బయల్దేరారు. కొందరు కుక్కలు లాగే బండ్ల వెంట, కొందరు సైకిళ్ల మీద. మొదటి మజిలీ వైట్‌హార్స్ దాకా దాదాపు 530 కిలోమీటర్లు. మన రాజమండ్రి నుంచి దాదాపు చెన్నై దాకా వెళ్లినంత దూరం, అదీ మంచులో. దారిలో సైకిళ్లు మొరాయించాయి. నడకే గతైంది. వైట్‌హార్స్‌లో రైలెక్కి స్కాగ్‌వే రేవుకు చేరేసరికి ఎక్కాల్సిన ఓడ వెళ్లిపోయింది. మరో ఓడ కోసం రోజుల తరబడి కాచుకున్నారు. సముద్రం మీద సియాటెల్‌కు, అక్కడి నుంచి వాంకూవర్‌కు, ఆపైన రైల్లో ఖండాన్ని అడ్డంగా దాటి 1905 జనవరి 12న ఒట్టావాలో దిగారు. మొత్తం ప్రయాణం దాదాపు 6,400 కిలోమీటర్లు.

అలసిపోయాం, ఆటను కొన్నాళ్లు వాయిదా వేయండని అడిగారు. ఒట్టావా ఒప్పుకోలేదు. దిగిన మర్నాడే మొదటి మ్యాచ్, 9-2తో ఓడారు. జనవరి 16న రెండో మ్యాచ్, 23-2తో ఓడారు. స్టాన్లీ కప్ చరిత్రలో ఇంత తేడాతో పోయిన మ్యాచ్ మరొకటి లేదు.

డాసన్ గోల్‌కీపర్ ఆల్బర్ట్ ఫారెస్ట్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. అన్ని గోల్స్ పడినా అతను లేకపోతే లెక్క ఇంకా పెరిగేదని చూసినవాళ్లు మెచ్చుకున్నారు. ఓడిన జట్టు తల వంచుకుని ఇంటికి పోలేదు. తూర్పు ఊళ్లలో తిరుగుతూ ప్రదర్శన మ్యాచ్‌లు ఆడింది. నూట ఇరవై ఏళ్లు దాటినా కెనడా ఆ ఓటమిని అభిమానంగానే తలుచుకుంటుంది. గెలుపు వల్ల కాక, గెలవడానికి పడిన శ్రమ వల్ల చరిత్రకెక్కిన జట్లలో దీనిది మొదటి వరస.

ఒంటికంటితో పద్నాలుగు గోల్స్

ఆ 23 గోల్స్‌లో 14 ఒక్కడివే. అతని పేరు ఫ్రాంక్ మెక్‌గీ. అందులో 8 గోల్స్ వరసగా, తొమ్మిది నిమిషాలు తిరక్కముందే కొట్టాడు. స్టాన్లీ కప్ మ్యాచ్‌లో ఒకే ఆటగాడు కొట్టిన గోల్స్‌లో ఆ 14ను ఎవరూ దాటలేదు. మొదటి మ్యాచ్‌లో మెక్‌గీ ఒక్క గోలే కొట్టాడనీ, అతనిలో అంత గొప్పేముందని డాసన్ ఆటగాడొకరు అన్నందుకే రెండో మ్యాచ్‌లో విజృంభించాడనీ చెప్పుకుంటారు.

ఇంతటి గురి ఉన్న మనిషికి ఒక కన్ను కనిపించదు. 1900లో హాకీ ఆడుతుండగానే కంటికి దెబ్బ తగిలి చూపు పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ లోపంతోనే సైన్యంలో చేరాడు. 1916 సెప్టెంబర్ 16న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధభూమిలో ప్రాణాలు విడిచాడు.

ఒకే మ్యాచ్‌లో గోల్స్ కుప్పపోసినవాళ్లు ఇంకా ఉన్నారు. 1911లో పోర్ట్ ఆర్థర్ జట్టు మీద ఒట్టావా ఆటగాడు మార్టీ వాల్ష్ 10 కొట్టాడు. 1913లో సిడ్నీ జట్టు మీద క్వెబెక్ ఆటగాడు జో మలోన్ 9 కొట్టాడు. అదే మలోన్ 1920లో, ఇప్పుడు కప్పు కోసం ఆడే నేషనల్ హాకీ లీగ్ మ్యాచ్‌లో 7 గోల్స్ సాధించాడు. ఆ లీగ్‌లో ఒక మ్యాచ్‌కు అదే ఇప్పటికీ రికార్డు.

గెలిచామనుకున్న క్షణాన గుండె ఆగినంత పని

అప్పట్లో చాలా సిరీస్‌లకు రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి విజేతను తేల్చేవారు. 1906 మార్చి 14న మాంట్రియల్ వాండరర్స్ ఒట్టావాను 9-1తో చిత్తు చేసింది. ఎనిమిది గోల్స్ తేడా. కథ ముగిసిందని అందరూ అనుకున్నారు.

మార్చి 17న ఒట్టావాలో రెండో మ్యాచ్. సొంతగడ్డ మీద ఒట్టావా చెలరేగి 9-1కి చేరింది. రెండు మ్యాచ్‌ల లెక్క 10-10. ఎనిమిది గోల్స్ అప్పు పూర్తిగా తీరిపోయింది. ఇక వాండరర్స్ పనైపోయిందనుకున్న ఘడియలో లెస్టర్ పాట్రిక్ రెండు గోల్స్ కొట్టాడు. 12-10తో కప్పు మాంట్రియల్‌కు దక్కింది. 1903 నుంచి సాగిన ఒట్టావా ఏలుబడి ఆ రాత్రితో ముగిసింది. ఈ లెస్టర్ పాట్రిక్ పేరు గుర్తుంచుకోండి, ముందు ముందు మళ్లీ వస్తుంది.

కప్పు గెలిచిన అతి చిన్న ఊరు

ఒంటారియో రాష్ట్రం పడమటి అంచున, అడవులూ సరస్సుల మధ్య కెనోరా అనే ఊరుంది. 1905 దాకా దాని పేరు రాట్ పోర్టేజ్. అప్పటి జనాభా దాదాపు 4,000. మన డెల్టాలో ఒక మాదిరి పంచాయతీకి ఉండేంత జనం.

ఆ ఊరి జట్టు కెనోరా థిసిల్స్. ఎక్కువమంది అక్కడే పెరిగిన కుర్రాళ్లు. 1903లో ఒట్టావాను సవాలు చేసి ఓడారు. 1905 మార్చిలో మళ్లీ వెళ్లారు. మొదటి మ్యాచ్ 9-3తో గెలిచి నగరాన్ని నివ్వెరపరిచారు. తర్వాతి రెండూ 4-2, 5-4తో చేజారాయి. అయినా వదల్లేదు. 1907 జనవరిలో మాంట్రియల్ వెళ్లి వాండరర్స్‌తో తలపడ్డారు. జనవరి 17న 4-2తో గెలిచారు. ఆ నాలుగు గోల్సూ కెప్టెన్ టామీ ఫిలిప్స్‌వే. 21న 8-6తో మళ్లీ గెలిచారు. కప్పు అడవుల మధ్య ఊరికి చేరింది.

రెండు నెలలే. మార్చిలో విన్నిపెగ్‌లో వాండరర్స్ మళ్లీ తలపడి, రెండు మ్యాచ్‌ల మీద 12-8తో కప్పు లాక్కుపోయింది. ఆ వాండరర్సే కప్పు గిన్నె లోపల తమ ఆటగాళ్ల పేర్లు చెక్కించి కొత్త ఆనవాయితీకి నాంది పలికారు.

స్టాన్లీ కప్ గెలిచిన ఊళ్లన్నిటిలో అతి చిన్నది కెనోరా. ఆ రికార్డు ఇక ఎవరూ చెరపలేరు. ఇప్పుడు కప్పు కోసం ఆడేది మహానగరాల జట్లే. సవాలు విసిరే హక్కు మరే ఊరికీ మిగల్లేదు. జనవరి సిరీస్ కోసం బయటి నుంచి కెనోరా తెచ్చుకున్న ఆర్ట్ రాస్ పేరు మీదే నేడు నేషనల్ హాకీ లీగ్‌లో ఎక్కువ పాయింట్లు సాధించినవాడికి ట్రోఫీ ఇస్తున్నారు.

పన్నెండు మ్యాచ్‌లకు 5,250 డాలర్లు

జీతాలు తలుపు తీశాక ధరలు ఆగలేదు. 1910 సీజన్‌కు ఒంటారియోలోని రెన్‌ఫ్రూ అనే చిన్న ఊరు కప్పు మీద కన్నేసింది. గనులు, రైలు కాంట్రాక్టులతో సంపన్నుడైన ఓబ్రయన్ ఖర్చుకు వెనకాడలేదు. ఆ రోజుల్లో అందరికన్నా వేగంగా జారే సైక్లోన్ టేలర్‌కు 12 మ్యాచ్‌ల సీజన్‌కు 5,250 డాలర్లు ఒప్పుకున్నారు. లెస్టర్ పాట్రిక్‌కు 3,000, అతని తమ్ముడు ఫ్రాంక్‌కు 2,000. జట్టుకు 'మిలియనీర్స్' అన్న పేరు స్థిరపడింది.

అంత ఖర్చు పెట్టినా రెన్‌ఫ్రూకు కప్పు రాలేదు. రెండు సీజన్లకే జట్టు మూతపడింది. డబ్బుతో ఆటగాళ్లను కొనవచ్చు, కప్పును కొనలేమని లోకానికి తొలిసారి తెలిసింది అక్కడే.

మంచును తయారుచేసిన అన్నదమ్ములు

పాట్రిక్ సోదరులకు రెన్‌ఫ్రూలో ఒక ఆలోచన పుట్టింది. తామే ఒక లీగ్ పెడితే? తండ్రి కలప వ్యాపారం అమ్మిన సొమ్ముతో 1911లో పసిఫిక్ తీరాన కోస్ట్ లీగ్ స్థాపించారు. చిక్కల్లా వాతావరణంతోనే. వాంకూవర్, విక్టోరియా నగరాల్లో చలి అంతంత మాత్రం. నీళ్లు సరిగ్గా గడ్డకట్టవు. అందుకని కెనడాలో మొట్టమొదటి కృత్రిమ మంచు రింకులు కట్టారు. వాంకూవర్‌లోని డెన్మన్ అరీనాలో 10,500 మంది కూర్చోవచ్చు.

ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో భీమవరం, నరసాపురం, కాకినాడ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చేపలూ రొయ్యలూ ఎగుమతి చేసే మన ఐస్ ఫ్యాక్టరీల్లో జరిగేదే అక్కడా జరిగింది. అమ్మోనియాను కంప్రెసర్‌తో నొక్కి, చల్లార్చి, వదిలేస్తే చుట్టూ ఉన్న వేడిని పీల్చేస్తుంది. ఆ చల్లదనాన్ని ఉప్పునీళ్లకు ఎక్కిస్తారు. ఉప్పు కలిసిన నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి చల్లబడతాయి. మన ఫ్యాక్టరీలో ఆ ఉప్పునీళ్లలో మంచినీళ్ల డబ్బాలు ముంచితే గడ్డలు తయారవుతాయి. రింకులో ఆ ఉప్పునీళ్లను నేల కింద గొట్టాల్లో ప్రవహింపజేసి, పైన పలచగా నీళ్లు పొరలు పొరలుగా పోస్తే నేలే గడ్డకడుతుంది.

ఇంకో వింత. 1833లో అమెరికా నుంచి సరస్సుల మంచు గడ్డలు ఓడలో కలకత్తాకు వచ్చాయి. 1842లో మద్రాసులో వాటిని దాచడానికి కట్టిన భవనమే ఐస్ హౌస్. వివేకానందుడు బస చేసిన ఆ భవనం చెన్నై సముద్రతీరాన నేటికీ ఉంది. మంచు కోసం సముద్రాలు దాటిన కాలం నుంచి మంచును ఎక్కడంటే అక్కడ తయారుచేసే కాలానికి లోకం ఒక్క శతాబ్దంలోపే వచ్చేసింది.

పాట్రిక్‌లు మంచుతోనే ఆగలేదు. ఆటగాళ్ల చొక్కాల మీద అంకెలు, ముందుకు పాస్ ఇచ్చే వీలు, పెనాల్టీ షాట్, గోల్‌కీపర్ మంచు మీద పడి పక్ ఆపే స్వేచ్ఛ ఇలాంటివెన్నో వాళ్ల లీగ్‌లోనే వేళ్లూనుకున్నాయి. ఈ రోజు టీవీలో కనిపించే హాకీలో సగం వాళ్ల చేతి చలవే.

ఒక సిరీస్, రెండు నిబంధనల పుస్తకాలు

1914 నుంచి తూర్పు విజేత, పడమటి విజేత కప్పు కోసం తలపడేవి. తూర్పున ఆరుగురితో ఆట, పడమట ఏడుగురితో. అందుకని ఒక మ్యాచ్ ఒకరి నిబంధనలతో, తర్వాతిది ఇంకొకరి నిబంధనలతో ఆడేవారు. ఇలాంటి ఫైనల్ వేరే ఆటలో ఊహించడం కష్టం.

1916లో మాంట్రియల్ కెనడియన్స్ 3-2తో పోర్ట్‌లాండ్ రోజ్‌బడ్స్‌ను ఓడించి తమ తొలి కప్పు గెలిచింది. ఫైనల్ ఆడిన తొలి అమెరికా నగరం పోర్ట్‌లాండే. ఆ రోజుల్లోనే మాంట్రియల్ గోల్‌కీపర్ జార్జ్ వెజినాకు కొడుకు పుట్టాడు. పేరు మార్సెల్ స్టాన్లీ అని పెట్టుకున్నాడు.

1917 మార్చిలో కెనడియన్స్ సియాటెల్ వచ్చింది. సియాటెల్ మెట్రోపాలిటన్స్ రెండేళ్ల వయసున్న జట్టు. మార్చి 17న తొలి మ్యాచ్ పడమటి నిబంధనలతో జరిగింది. ఇంటి జట్టుకే అనుకూలం. అయినా 8-4తో మాంట్రియల్ గెలిచింది. రెండోది తూర్పు నిబంధనలతో, సియాటెల్ 6-1. మూడోది 4-1. మార్చి 26న నాలుగోది 9-1. నియమాల లెక్కలన్నీ తారుమారు చేసి సియాటెల్ కప్పు ఎత్తింది. స్టాన్లీ కప్ గెలిచిన తొలి అమెరికా జట్టు అదే. బెర్నీ మారిస్ నాలుగు మ్యాచ్‌ల్లో 14 గోల్స్ కొట్టాడు. ఆఖరి మ్యాచ్‌లోనే ఆరు.

అదే జట్టులోని జిమ్ రైలీ ఆ తర్వాత మేజర్ లీగ్ బేస్‌బాల్ కూడా ఆడాడు. నేషనల్ హాకీ లీగ్, మేజర్ లీగ్ బేస్‌బాల్ రెండిట్లోనూ ఆడినవాడు చరిత్రలో అతనొక్కడే. ఇప్పుడు సియాటెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మన గోదావరి కుర్రాళ్లు 2021లో లీగ్‌లో చేరిన క్రాకెన్ జట్టు మ్యాచ్‌లు చూస్తుంటారు. ఆ నగరానికి అంతకు 104 ఏళ్ల ముందే కప్పు వచ్చిందన్న సంగతి వాళ్లకు కూడా చెప్పండి.

విజేత లేని ఏడాది

1919లో అవే రెండు జట్లు సియాటెల్‌లో మళ్లీ ఎదురయ్యాయి. మొదటి మ్యాచ్ సియాటెల్ 7-0. రెండోది మాంట్రియల్ 4-2, నాలుగు గోల్సూ న్యూసీ లాలోండ్‌వే. మూడోది సియాటెల్ 7-2, అందులో నాలుగు ఫ్రాంక్ ఫాయిస్టన్‌వి. నాలుగో మ్యాచ్ అదనపు సమయం ఆడినా 0-0. ఇరుపక్షాలూ నిలబడలేనంత అలసిపోయాయి. ఐదోదాంట్లో సియాటెల్ 3-0 ముందంజలో ఉండగా మాంట్రియల్ సమం చేసి, అదనపు సమయంలో 4-3తో గెలిచింది. చెరి రెండు గెలుపులు, ఒక డ్రా.

ఏప్రిల్ 1న జరగాల్సిన ఆఖరి మ్యాచ్ జరగలేదు. ప్రపంచమంతా చుట్టబెట్టిన ఇన్‌ఫ్లుయెంజా మాంట్రియల్ ఆటగాళ్లను మంచాన పడేసింది. ఒక్క మన దేశంలోనే కోటిమందికి పైగా ప్రాణాలు తీసిన మహమ్మారి అది. జట్టు యజమాని జార్జ్ కెనెడీ కూడా జ్వరంతో పడ్డాడు. ఆడలేం, కప్పు మీరే తీసుకోండని కబురు పంపాడు. సియాటెల్ మేనేజర్ పీట్ మల్డూన్ వద్దన్నాడు. జబ్బుపడ్డ వాళ్ల మీద అలా గెలవడం ఆయనకు ఇష్టం లేదు.

ఏప్రిల్ 5న మాంట్రియల్ ఆటగాడు జో హాల్ న్యుమోనియాతో సియాటెల్‌లోనే కన్నుమూశాడు. వయసు 37. ఆ ఏడాది కప్పు ఎవరికీ ఇవ్వలేదు. తర్వాత 1948లో కప్పు మీద రెండు జట్ల పేర్లూ చెక్కి, సిరీస్ పూర్తికాలేదని రాశారు. తొలినాటి కథలన్నిటిలోకీ గొప్ప క్రీడాధర్మం ఆ నిరాకరణలో ఉంది. గెలిచి పేరు తెచ్చుకున్నవాళ్లు చాలామంది. గెలుపును కాదని పేరు తెచ్చుకున్నవాడు మల్డూన్.

మరికొన్ని మెరుపులు

* 1920లో ఒట్టావా, సియాటెల్ ఫైనల్‌కు చొక్కాల రంగులు దాదాపు ఒకేలా ఉండటంతో ఒట్టావా తెల్ల చొక్కాలు వేసుకుంది. వాతావరణం వేడెక్కి ఒట్టావాలో మంచు కరగడం వల్ల చివరి మ్యాచ్‌లు కృత్రిమ మంచు ఉన్న టొరంటోకు మార్చారు.
* 1923 మార్చి 31న ఎడ్మంటన్ మీద ఆడిన మ్యాచ్‌లో ఒట్టావా ఆటగాడు కింగ్ క్లాన్సీ ఆరు స్థానాల్లోనూ ఆడాడు. గోల్‌కీపర్ శిక్షపడి బయటికి వెళ్తే ఆ రెండు నిమిషాలు గోలు కూడా కాశాడు.
* నేషనల్ హాకీ లీగ్ బయటి జట్టు చివరిసారి కప్పు గెలిచింది 1925లో. ఆ జట్టు విక్టోరియా కూగర్స్, దాని సూత్రధారి లెస్టర్ పాట్రిక్.
* 1928 ఏప్రిల్ 7న న్యూయార్క్ రేంజర్స్ గోల్‌కీపర్ కంటికి దెబ్బ తగిలింది. బదులు ఎవరూ లేకపోతే 44 ఏళ్ల కోచ్ లెస్టర్ పాట్రిక్ స్వయంగా గోలు ముందు నిలబడి ఒకే ఒక్క గోలు వదిలాడు. జట్టు 2-1తో గెలిచింది, ఆ తర్వాత కప్పు కూడా.
* పది గినీల గిన్నె కింద వలయాలు చేర్చుకుంటూ పోయి నేటి కప్పు దాదాపు 89.5 సెంటీమీటర్ల ఎత్తు, 15.5 కిలోల బరువైంది. అసలు గిన్నె టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో భద్రంగా ఉంది.

మన వైపు చూస్తే

మన దేశంలో ఐస్ హాకీకి ప్రధాన కేంద్రం లద్దాఖ్. అక్కడి అమ్మాయిలే ఎక్కువగా ఉన్న భారత మహిళల జట్టు 2025లో యూఏఈలో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. మామూలు హాకీలో నగరాల జట్లతో ప్రీమియర్ హాకీ లీగ్ 2005లో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో మొదలైంది. ఆ తొలి టైటిల్ హైదరాబాద్ సుల్తాన్స్‌దే.

వేగం మాటకొస్తే మంచు మీది ఆటను మన డెల్టా దాటేసింది. నేషనల్ హాకీ లీగ్ పోటీల్లో నమోదైన అతి బలమైన షాట్ 2012లో జ్డేనో చారాది, గంటకు 175 కిలోమీటర్ల వేగం. 2023లో అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ జపాన్‌లో ప్రత్యేకంగా జరిపిన పరీక్షలో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో షటిల్‌ను స్మాష్ చేసి గిన్నిస్ రికార్డు సాధించాడు. మూడింతలకు పైగా. కోనసీమ కొబ్బరిచెట్ల కింద నుంచి వచ్చినవాడు ప్రపంచ రికార్డు నెలకొల్పగలిగితే, కెనోరాను చూసి ఆశ్చర్యపడాల్సిన పని మనకు లేదు.

ఇన్ని వివరాలు ఇంత స్పష్టంగా మనకు తెలియడానికి ఒకే కారణం. ఎవరో ఒకరు రాసి పెట్టారు. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో, ఏ తేదీన, ఏ ఊళ్లో, ఎవరు రాలేకపోయారో, ఎవరు చనిపోయారో అన్నీ రాశారు. గెలవని డాసన్ సిటీని, పూర్తికాని 1919ని కూడా వదల్లేదు. మన డెల్టాలో సంక్రాంతికి, జాతరలకు ఊరూరా కబడ్డీ, వాలీబాల్ పోటీలు జరుగుతున్నాయి. తరాల తరబడి గొప్ప ఆటగాళ్లు వచ్చి వెళ్లారు. వాళ్ల పేర్లు, ఆ స్కోర్లు పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో తప్ప కాగితం మీద అరుదు. ఈ సంక్రాంతికి మీ ఊరి కప్పు మీద గెలిచిన జట్టు పేరుతో పాటు ఆటగాళ్లందరి పేర్లూ, తేదీ, స్కోరు చెక్కించండి. పాతవాటిని తెలిసినవాళ్లను అడిగి ఒక పుస్తకంలో రాసి, పంచాయతీ గ్రంథాలయంలో పెట్టండి.